పెరిగే ధరలు, తరిగే వడ్డీలు, మన ఇళ్ళు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కోరినప్పుడు మన కార్యదర్శి గారు "ద్రవ్యోల్బణము – ద్రవ్య విధానము" అని పెద్ద పేరు పెట్టారు. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. 1971లో ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి, 2007లో 58 ఏళ్ళు నిండి బయటికి వచ్చినవాణ్ణి. ముప్పై ఆరేళ్ళపాటు ఇతరుల జీతాలూ, పెన్షన్లూ లెక్కగట్టి ఇచ్చాను. కాబట్టి ఆ పెద్ద పేరును పక్కన పెట్టి, ఈ రెండూ మన ఇళ్ళలోకి ఎట్లా వస్తున్నాయో నాకు తెలిసినంతవరకు చెబుతాను. నేను చూసినంతలో అవి రెండు దారుల్లో వస్తాయి. ఒకటి వంటిల్లు, రెండోది బ్యాంకు పాసుపుస్తకం. వంటింటి సంగతి మనం రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. పాసుపుస్తకం సంగతి మాత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడం. ఇవాళ నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది దాని గురించే.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. "ద్రవ్యోల్బణం తగ్గింది" అని పేపర్లో పడగానే మా ఆవిడ "ఏదీ, కందిపప్పు తగ్గిందా, నూనె తగ్గిందా?" అని నన్ను నిలదీస్తుంది, అక్కడికి నేనేదో ప్రకటన చేసినట్లు. ఆమె అడిగేది న్యాయమే. ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు, ధరలు పెరిగే వేగం తగ్గడం. మెట్లెక్కుతున్న మనిషి నెమ్మదించాడంటే కిందికి దిగాడని కాదు గదా. 2022 ఏప్రిల్‌లో దేశంలో చిల్లర ధరలు అంతకు ముందు ఏడాది కంటే 7.79 శాతం ఎక్కువగా ఉన్నాయి. 2025 అక్టోబరు నాటికి ఆ పెరుగుదల 0.25 శాతానికి వచ్చింది. అంతమాత్రాన 2022లో ఎక్కిన మెట్టు దిగినట్లు కాదు. పైగా ఆ 0.25 అనేది ఒక సగటు. కూరగాయలు, పప్పులు అంతకు ముందు సంవత్సరం కంటే బాగా చవకైనందువల్ల వచ్చిన సగటు. సంచీ పట్టుకుని రైతుబజారుకు పోయేవాడికి అది కొంత నిజం. చీటీ పట్టుకుని మందుల షాపుకు పోయేవాడికి ఆ సగటుతో పనేమీ లేదు.

మందుల మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. మనలో చాలామందికి తెలియదు. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2013 నాటి ఉత్తర్వు ప్రకారం ఆ ధరను ఏటా ఏప్రిల్‌లో టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అంత పెంచుకోవచ్చు. టోకు ధరల సూచీలో ఇనుము, బొగ్గు, రసాయనాలు, డీజిలు అన్నీ ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో ఆ పెంపు 10.77 శాతం, 2023 ఏప్రిల్‌లో 12.12 శాతం. అంటే వంద రూపాయల బిళ్ళల పట్టీ రెండేళ్ళలో 124 రూపాయల దాకా పోవడానికి దారి ఏర్పడింది. ఇనుము ధర పెరిగినందుకు మన బి.పి. బిళ్ళ ధర పెరగడమేమిటని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. లెక్క మాత్రం అట్లాగే ఉంది.

ఇక మనకు ఎక్కువగా ఉపయోగపడే చిన్న లెక్క ఒకటుంది. 72 అనే అంకెను ధరల పెరుగుదల శాతంతో భాగిస్తే, ఎన్నేళ్ళకు ధరలు రెట్టింపవుతాయో సుమారుగా తెలుస్తుంది. ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళు. 58వ ఏట ఉద్యోగం నుంచి దిగినవాడికి 70 వచ్చేసరికి రూపాయి అర్ధరూపాయి, 82 వచ్చేసరికి పావలా. ఆ పావలాతో బతకవలసింది ఆయన కాకపోవచ్చు, ఆయన భార్య కావచ్చు. ఆ సంగతికి తరువాత వస్తాను.

మనకు ఈ కోత నుంచి కొంత రక్షణ ఉంది. దాని పేరు డి.ఏ. తెలుగులో కరవు భత్యం అన్నారు. అసలు ఇది రెండో ప్రపంచ యుద్ధకాలంలో చిన్న జీతగాళ్ళకు తిండి గింజల ధరలు అందనప్పుడు ఇచ్చిన భత్యంగానే మొదలయింది. ఇప్పుడు దానిని పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని బట్టి కడతారు. దేశంలో 88 కేంద్రాల నుంచి ధరలు సేకరిస్తారు. మనవైపు గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు, వరంగల్లు వాటిలో ఉన్నాయి. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, అది కార్మిక కుటుంబం సూచీ. పిల్లల్ని బడికి పంపే ముప్పై నలభై ఏళ్ళ వాళ్ళ ఖర్చుల ఆధారంగా తయారైంది. మన ఇంట్లో ఖర్చంతా డాక్టరూ, మందులూ, పనిమనిషీ. రెండు, పన్నెండు నెలల సగటు తీసి, ఆ తరువాత ఇస్తారు. ధర ముందు, భత్యం వెనుక. కేంద్రం ప్రకటించాక రాష్ట్రాలు తమ లెక్క ప్రకారం ప్రకటించే సరికి ఇంకా ఆలస్యం. బకాయి చేతికి వచ్చేనాటికి ఆ రూపాయి మనం పోగొట్టుకున్న నాటి రూపాయి కాదు.

పైగా అవసరమైనప్పుడు ప్రభుత్వం మొట్టమొదట పట్టుకునేది కూడా ఈ డి.ఏ.నే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1974-75లో, టోకు ధరలు సగటున 25 శాతం పెరిగాయి. యువకులు ఇప్పుడు నమ్మరు. ఆ 1974 జూలైలో రిజర్వు బ్యాంకు తన బ్యాంకు రేటును ఒక్క ఊపులో 7 నుంచి 9 శాతానికి పెంచింది. అదే సమయంలో కేంద్రం చట్టం తెచ్చి, ఉద్యోగులకు పెరిగిన డి.ఏ.లో సగం చేతికివ్వకుండా నిర్బంధ డిపాజిట్టులో వేసింది. జనం చేతిలో డబ్బు తగ్గితే ధరలు తగ్గుతాయన్నది అప్పటి వాదన. తరువాత వాయిదాల్లో వడ్డీతో తిరిగి ఇచ్చారు లెండి. 2020లో కోవిడ్ పేరిట మళ్ళీ కేంద్ర ఉద్యోగుల, పెన్షనర్ల మూడు వాయిదాలు ఆపారు. 2021 జూలైలో 17 నుంచి 28 శాతం చేశారు గాని, మధ్యలోని 18 నెలల సొమ్ము ఇవ్వలేదు.

అయినా మనం అదృష్టవంతులమే అంటాను. ఎందుకంటే ఉద్యోగుల భవిష్య నిధి కింద, అనగా 1995 పథకం కింద పెన్షను తీసుకునేవారికి డి.ఏ. అనేదే లేదు. 2014 సెప్టెంబరులో వారికి కనీస పెన్షను నెలకు వెయ్యి రూపాయలన్నారు. 2025 చివరికి కూడా అది వెయ్యే. మన కాలనీల్లో, మన చుట్టాల్లో ఇట్లాంటివారు ఎంతోమంది ఉన్నారు. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో ముప్పయ్యేళ్ళు పనిచేసినవారు. వారి ముందు కూర్చుని మన డి.ఏ. ఆలస్యం గురించి చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు పాసుపుస్తకం దగ్గరకు వస్తాను. రిజర్వు బ్యాంకు, తాను బ్యాంకులకు ఇచ్చే స్వల్పకాలపు అప్పు మీద వేసే వడ్డీని రెపో రేటు అంటారు. 2016 నుంచి దీనిని ఆరుగురు సభ్యుల కమిటీ నిర్ణయిస్తోంది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాతో ఉంచాలన్నది వారికి అప్పగించిన పని. వడ్డీ పెంచితే టమోటా ధర ఎట్లా తగ్గుతుందని మీకు అనుమానం రావచ్చు. తగ్గదు. 2023 జూలైలో టమోటా కిలో వంద దాటి చాలా దూరం పోయి, మన మదనపల్లె మార్కెట్టు దేశమంతటా వార్తలకెక్కినప్పుడు చిల్లర ధరల పెరుగుదల 7.44 శాతానికి చేరింది. అయినా కమిటీ రెపో రేటును 6.5 దగ్గరే ఉంచింది. వాన కురిస్తే తగ్గే ధరకు వడ్డీ మందు కాదని వారికి తెలుసు. టమోటా ధర చూసి హోటలువాడూ, ఆటోవాడూ, అందరూ రేట్లు పెంచడం మొదలుపెట్టి అది అలవాటుగా మారితే, దానిని ఆపడానికి వడ్డీ పనికొస్తుంది. అప్పు ఖరీదైతే ఇల్లు, కారు, మిషను కొనేవారు కొంత వెనకాడతారు. ఆ వెనకాడే వారిలో మన పిల్లలు కూడా ఉంటారన్నమాట.

2020 మే నుంచి 2022 మే దాకా రెపో రేటు 4 శాతం. ఆ తరువాత పెరుగుతూ పోయి 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. ఈ రెండున్నర శాతం ఒక ఇంట్లో ఏం చేసిందో చెబుతాను. పేర్లు చెప్పను. ఆయన నాకు చాలాకాలంగా తెలిసిన పెద్దమనిషి, రిటైరైన ఉపాధ్యాయుడు. ఆయనకు పది లక్షల ఎఫ్.డి. ఉంది. 5.5 శాతం వడ్డీకి ఏడాదికి 55 వేలు వచ్చేది. పాత డిపాజిట్టు తీరి కొత్తగా వేసేసరికి 7.5 అయింది. 75 వేలు. నెలకు సుమారు 1,670 రూపాయలు అదనం. "ఈ ఏడు రిజర్వు బ్యాంకు మనల్ని కరుణించింది" అని పార్కులో అందరికీ చెప్పాడు.

ఆయన కొడుకు బెంగుళూరులో ఉంటాడు. 30 లక్షలు అప్పు చేసి ఇరవయ్యేళ్ళ వాయిదాల మీద ఫ్లాటు కొన్నాడు. 7 శాతం వడ్డీ ఉన్నప్పుడు నెల వాయిదా సుమారు 23,260. వడ్డీ 9.5 అయ్యేసరికి అదే 27,960 దాటింది. నెలకు 4,700 అదనం. ఆ అబ్బాయి అప్పటిదాకా ప్రతినెలా తల్లి ఖాతాలో ఐదువేలు వేసేవాడు. అది ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అతను చెప్పలేదు. నాన్నకు చెబితే తన ఎఫ్.డి. విరిచి అప్పు తీర్చమంటాడేమోనని అతని మొహమాటం. వీరు అడగలేదు. అడిగితే డబ్బుకోసం అడిగినట్లుంటుందని వీరి అభిమానం. మధ్యలో తప్పు కోడలి మీదకు పోయింది. అత్తగారు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడడం మొదలుపెట్టింది. 2023 దసరాకు పిల్లలు రాలేదు, వీరు పోలేదు.

ఒకరోజు పార్కులో ఆయన ఈ బాధంతా చెప్పుకుంటే, అప్పు ఎంత, ఏ సంవత్సరంలో తీసుకున్నాడని నేనడిగాను. అక్కడే కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆగిపోయిన ఐదువేలకూ, పెరిగిన వాయిదాకూ తేడా మూడు వందలు. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తరువాత ఇంటికి పోయి కోడలికి ఫోను చేశాడట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

సోదరులారా, రిజర్వు బ్యాంకు ఒకే రేటు ప్రకటిస్తుంది. అది పెరిగితే తండ్రికి శుభవార్త, కొడుకుకు చెడువార్త. తగ్గితే తారుమారు. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా రెపో రేటును విడతలు విడతలుగా 6.5 నుంచి 5.25కు తగ్గించారు. ఇప్పుడు పిల్లల వాయిదాలకు ఊరట, మన ఎఫ్.డి.లకు కోత. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ ఇంటి అప్పులను బయటి రేటుకు, చాలా చోట్ల రెపోకు, ముడిపెట్టారు గనుక పిల్లలకు మార్పు త్వరగా తెలుస్తుంది. మన డిపాజిట్టుకు గడువు తీరేదాకా తెలియదు. తీరిన రోజున తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా మీ పిల్లలకు చెప్పండి. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవడమా, గడువు పొడిగించుకోవడమా అన్నది అప్పు తీసుకున్నవాడు ఎంచుకునే అవకాశం ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు తనంత తాను గడువు పొడిగించి ఊరుకుంటే, అరవయ్యేళ్ళు దాటినా అప్పు తీరదు.

మనవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "ఆ రోజుల్లో 12, 13 శాతం వడ్డీ వచ్చేది. ఇందిరా వికాస పత్రం ఐదేళ్ళకు రెట్టింపయ్యేది. ఇప్పుడేముంది?" నేను కూడా ఆ పత్రాలు కొన్నాను. అయితే 1991-92లో టోకు ధరలు సగటున 13 శాతానికి పైగా పెరిగిన సంగతి మనం మరచిపోతాం. కుడిచేత్తో 13 ఇచ్చి ఎడమచేత్తో 13 తీసుకున్నారు. అంకె పెద్దదిగా ఉండడం వల్ల మనకు తృప్తిగా ఉండేది, అంతే. నిజంగా మనకు దెబ్బ తగిలింది ఆ రోజుల్లో కాదు, 2020-21లో. ఆ ఏడు ధరలు సగటున 6.2 శాతం పెరిగితే, నేను చెప్పిన ఉపాధ్యాయుడి ఎఫ్.డి. మీద వచ్చింది 5.5. పది లక్షల మీద 55 వేలు వడ్డీ వచ్చింది, 62 వేల విలువ కరిగింది. ఆయన వడ్డీ ఖర్చుపెట్టుకున్నాననుకున్నాడు. నిజానికి అసలులోంచి తిన్నాడు. పాసుపుస్తకంలో మాత్రం పది లక్షలు చెక్కుచెదరకుండా కనబడుతూనే ఉంటాయి. అందువల్లనే ఇది కనిపెట్టడం కష్టం.

(ఇక్కడ ఒక చిన్న పక్కమాట. 2003 నుంచి 2013 వరకు పదేళ్ళు రిజర్వు బ్యాంకు గవర్నరు కుర్చీలో వరుసగా ఇద్దరు తెలుగువారే కూర్చున్నారు: డాక్టర్ వై.వి. రెడ్డి గారు, డాక్టర్ దువ్వూరి సుబ్బారావు గారు. సుబ్బారావు గారి హయాంలో 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు లోపల 13 సార్లు వడ్డీ పెంచారు. మనవాడని అప్పులున్నవాళ్ళెవరూ ఆయన్ను మెచ్చుకోలేదు.)

వడ్డీ చాలకపోతే మనిషి పక్కదారి చూస్తాడు. ఎక్కడో నూటికి పద్ధెనిమిది ఇస్తారంటాడు. 2001, 2002 ప్రాంతాల్లో హైదరాబాదులో సహకార పట్టణ బ్యాంకులు కూలినప్పుడు ఆ గేట్ల ముందు నిలబడిన వరుసల్లో తెల్లజుట్టు ఎంత ఉండిందో చూసినవారికి తెలుసు. డిపాజిట్టు బీమా అప్పుడు లక్ష రూపాయలు. ఆ లక్ష 1993లో పెట్టిన లక్ష. 2020 ఫిబ్రవరిలో ఐదు లక్షలు చేసేదాకా, 27 సంవత్సరాలు, దానికి ఎవరూ డి.ఏ. కలపలేదు. బీమాను కూడా ధరలు తినేశాయి. ఇప్పటికీ ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షల వరకే బీమా అని గుర్తుంచుకోండి.

ఇక ఇందాక తరువాత చెబుతానన్న మాట. నేను ఒక సబ్ ట్రెజరీలో పనిచేస్తున్న రోజుల్లో ఒకావిడ ఫ్యామిలీ పెన్షను కాగితాలతో వచ్చారు. భర్త పోయి రెండు నెలలయింది. ఫారాలన్నీ నేనే నింపాను. ఆవిడ సంతకం పెట్టి, "ఎంత వస్తుంది బాబూ?" అని అడిగారు. చెప్పాను. కొంతసేపాగి, "ఎప్పటికీ ఇంతేనా?" అన్నారు. డి.ఏ. పెరుగుతుందమ్మా అన్నాను. "అది కాదు నాయనా, ఆయన ఉన్నప్పుడు వచ్చినంత ఎప్పుడు వస్తుంది?" అన్నారు. బ్యాంకులో డిపాజిట్లేమైనా ఉన్నాయా అంటే, ఉన్నాయో లేవో ఆవిడకు తెలియదు. నలభై ఏళ్ళ సంసారంలో ఆవిడకు పప్పు ధర, పాల ధర పైసలతో సహా తెలుసు. ఇంట్లో డబ్బు ఎక్కడుందో తెలియదు. ఆ ఇంట్లో ద్రవ్యోల్బణాన్ని నలభై ఏళ్ళు మోసింది ఆవిడ, వడ్డీ వ్యవహారం చూసింది ఆయన.

సాధారణ ఫ్యామిలీ పెన్షను చివరి జీతంలో నూటికి ముప్పై. మన పెన్షను నూటికి యాభై. అంటే ఇంటికి వచ్చేది పదిలో ఆరు వంతులకు పడుతుంది. ఖర్చు ఆరు వంతులకు పడదు. ఇంటి అద్దె, కరెంటు, పనిమనిషి, గ్యాసు దాదాపు అంతే ఉంటాయి. సాధారణంగా భార్య చిన్నది, భర్త పోయాక పదేళ్ళో పదిహేనేళ్ళో బతుకుతుంది. 72 లెక్క ఆవిడ మీద పూర్తిగా పనిచేసేది అప్పుడే. అందుచేత మన డిపాజిట్లు మన కోసం కాదు, ఆవిడ కోసం అనుకుని వేయాలి. అన్నీ ఒకే గడువుకు వేయకండి. ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్ళకు, ఒకటి మూడేళ్ళకు తీరేటట్లు వేస్తే, వడ్డీ పడిపోయిన సంవత్సరంలో మొత్తమంతా ఒకేసారి ఆ రేటులో ఇరుక్కోదు. 2004లో వచ్చిన సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో చేరిన రోజు రేటు ఐదేళ్ళదాకా మారదు. 2023 ఏప్రిల్ నుంచి 2025 చివరి దాకా అది 8.2 శాతం, పరిమితి 30 లక్షలు. ఖాతాలన్నీ ఇద్దరి పేరనా, ఎవరున్నా తీసుకునే షరతుతో పెట్టండి. ఏ బ్యాంకు, ఎంత, ఏ తేదీకి తీరుతుంది అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి, ఆవిడ చేతనే రాయించి, పప్పుల డబ్బా పక్కన పెట్టండి. బీరువాలో మన చొక్కాల కింద కాదు.

పిల్లల గురించి కూడా ఒక మాట. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగంలో చేరినవారు కొత్త పెన్షను పథకంలోకి పోయారు. రిటైరయ్యాక వారు కొనుక్కునే యాన్యుటీ సాధారణంగా మొదటి నెల ఎంతో చివరి నెలా అంతే. మన ఇళ్ళలో డి.ఏ. ఉన్న తండ్రీ, డి.ఏ. లేని వృద్ధాప్యం ముందున్న కొడుకూ ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తున్నారు. వాళ్ళు మన పెన్షను చూసి "మీకేం నాన్నా" అంటే కోపగించుకోవద్దు. 72 లెక్క వాళ్ళకు ఇప్పుడే నేర్పితే, వాళ్ళ చేతిలో ఇంకా ఇరవయ్యేళ్ళున్నాయి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఎవరికైనా కొడుకుల అప్పు లెక్కలూ, ఎఫ్.డి. గడువు లెక్కలూ చూసుకోవాలని ఉంటే, ప్రతి శనివారం సాయంత్రం నేను సంఘం ఆఫీసులోనే ఉంటాను. పాసుపుస్తకాలు తీసుకురండి. వీలయితే శ్రీమతులను కూడా వెంటబెట్టుకు రండి.